చిరునామా ఎవరిది?

2009 అక్టోబర్ 26న ఒక పెద్ద బస్తీ ఖాళీ అయిపోయింది. వరద రాలేదు, అగ్గి పడలేదు. కంపెనీ హుకుం వచ్చింది, అంతే. ఆ బస్తీ పేరు జియోసిటీస్. ఇంటర్నెట్ మీద మామూలు జనం కట్టుకున్న తొలి ఇళ్ళలో చాలా భాగం అక్కడే ఉండేవి.

1994లో అమెరికాలో మొదలైన ఈ సర్వీసులో ఎవరైనా ముఫత్‌గా ఒక వెబ్ పేజీ పెట్టుకోవచ్చు. చిరునామాలు కూడా అచ్చం శహర్‌లో లాగే ఉండేవి. ముందు మొహల్లా పేరు, తర్వాత ఇంటి నంబరు. సినిమా దీవానాలు హాలీవుడ్ అనే మొహల్లాలో దిగేవారు. కంప్యూటర్ల షౌఖ్ ఉన్నవాళ్ళు సిలికాన్‌వ్యాలీలో, కవిత్వమూ ఫల్సఫా ఇష్టపడేవాళ్ళు ఏథెన్స్‌లో. ఖాళీ నంబరు చూసుకుని సామాను దించుకోవడమే.

1999లో యాహూ కంపెనీ ఈ బస్తీని 350 కోట్ల డాలర్లకు పైగా విలువైన సౌదాలో కొనేసింది. కొన్న కొద్ది నెలలకే షరతులు మార్చింది. మీరు పెట్టే రాతల మీద, బొమ్మల మీద మాకూ హక్కులుంటాయని కొత్త దస్తావేజులో రాసింది. జనం గొడవ చేశారు. కంపెనీ వెనక్కి తగ్గి ఆ మాటలు దిద్దుకుంది. కానీ అసలు సంగతి ఆ రోజే బయటపడింది. ఇల్లు కట్టిన మెహనత్ జనానిది, జమీను మాత్రం మాలిక్‌ది. పదేళ్ళ తర్వాత ఆ మాలిక్‌కి జమీను మీద మోజు తీరింది. 2009 ఏప్రిల్‌లో తాకీదు, అక్టోబర్‌లో తాళం.

ఆ మధ్య నెలల్లో జేసన్ స్కాట్ అనే చరిత్రకారుడు, ఆర్కైవ్ టీం పేరుతో చేరిన వలంటీర్లు కలిసి ఆ పేజీలను వీలైనన్ని నకలు తీసుకున్నారు. 2010లో బయటపెట్టినప్పుడు ఆ మూట 600 గిగాబైట్లకు పైనే తూగింది. దక్కనివి ఎన్నో. వాటిని రాసినవాళ్ళలో కొందరు అప్పటికే దునియాలో లేరు, కొందరికి పాస్‌వర్డ్ యాదిలో లేదు, చాలామందికి ఖబరే అందలేదు.

వెబ్ చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా కంపెనీల చరిత్ర చెబుతారు. ఎవరు ఎవరిని కొన్నారు, ఎవరి షేరు ఎంత పెరిగింది అని. దాని పక్కనే ఇంకో తారీఖు ఉంది. మన మాట ఎవరి చిరునామా మీద ఉండాలి అన్న సవాలు చుట్టూ నడిచిన తారీఖు. సొంత మకాను కట్టుకుని, మధ్యలో ఉమ్మడి బాటలు వేసుకుని, ఏ మాలిక్ ఇజాజత్ అక్కర్లేకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని నమ్మినవాళ్ళ తారీఖు. అది గెలుపు కథ కాదు. ఓటమి కథ అని కొట్టిపారేయడానికీ వీల్లేదు.

గేటు లేని బాట

టిమ్ బెర్నర్స్‌లీ 1989 మార్చిలో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన సంస్థలో తన ప్రతిపాదన రాశారు. 1990 చివరికి మొదటి సర్వర్, మొదటి బ్రౌజర్ నడిచాయి. ఆ మొదటి బ్రౌజర్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది చదవడానికే కాదు, రాయడానికి కూడా. చదువుతున్న కిటికీలోనే పేజీ దిద్దవచ్చు, కొత్త పేజీ కట్టవచ్చు. ఆయన ఖయాల్‌లో చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ వేర్వేరు ఖౌములు కారు.

అప్పట్లో వెబ్‌కి గట్టి ముఖాబలా ఇచ్చింది గోఫర్. 1991లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన పద్ధతి. వాడడం తేలిక కాబట్టి కొన్నాళ్ళు వెబ్ కంటే అదే జోరుగా ఉంది. 1993 మొదట్లో ఆ యూనివర్సిటీ తన గోఫర్ సర్వర్‌కి కొందరి దగ్గర ఫీజు వసూలు చేస్తామని ప్రకటించింది. ఎంత, ఎవరి దగ్గర అన్నది తర్వాతి మాట, జనానికి అనుమానం మాత్రం అప్పుడే పట్టుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ ఇంకో దస్తావేజు మీద సంతకం చేసింది. వెబ్ సాఫ్ట్‌వేర్ మీద తన హక్కులన్నీ వదులుకుంటున్నాం, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని. గోఫర్ వెనకబడడానికి ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, బాట మీద గేటు పెడతామన్న మాట ఒక్కటే ఎంత నుక్సాన్ చేస్తుందో ఆ సంవత్సరం చూపించింది.

అదే 1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. పేజీలో బొమ్మలు కనిపించడం, మామూలు కంప్యూటర్ల మీద నడవడం వల్ల వెబ్‌ని ఇంటింటికీ చేర్చింది అదే. అయితే దానిలో రాసే సదుపాయం లేదు. చదవడం అందరికీ ఆసాన్ అయింది, రాయడానికి మాత్రం సర్వర్ కావాలి, కోడ్ రావాలి, ఖర్చు పెట్టాలి. ఆ సందులోనే కిరాయి ఇళ్ళ కారోబార్ పుట్టింది. జియోసిటీస్ లాంటివి జనాన్ని మోసం చేయడానికి రాలేదు. నిజమైన జరూరత్ ఉంది కాబట్టి వచ్చాయి. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు మళ్ళీ పనికొస్తుంది.

గుమ్మం దగ్గర ఫెహరిస్తు

1999 నుంచి బ్లాగుల దౌర్ మొదలైంది. ఆ ఏడాదే బ్లాగర్ వచ్చింది, లైవ్‌జర్నల్ వచ్చింది. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ వచ్చింది. ఎవరి సైటు వారిదే అయినా వాళ్ళ మధ్య రాకపోకలు ఎలా? రోజూ వంద గుమ్మాలు తొక్కి ఎవరేం రాశారో చూడలేం కదా.

దానికి దొరికిన జవాబు ఫీడ్. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ ఆర్‌ఎస్‌ఎస్ అనే ఒక పద్ధతి తెచ్చింది. (మన దేశంలో ఆ మూడక్షరాలకు ఇంకో మతలబు ఉంది. దానికీ దీనికీ ఏ తాల్లుక్ లేదు.) ఇంటి గుమ్మం బయట ఒక ఫెహరిస్తు వేలాడదీసినట్టు అనుకోండి. ఈ ఇంట్లో కొత్తగా రాసినవి ఇవి, తేదీలు ఇవి, లింకులు ఇవి. మనిషి కాదు, మెషీన్ చదువుకునే ఫెహరిస్తు. మీ దగ్గరున్న రీడర్ ప్రోగ్రాం ఆ వంద గుమ్మాలూ తానే తిరిగి కొత్తవన్నీ ఒకచోట పేర్చి పెడుతుంది. డేవ్ వైనర్ దీన్ని సాదాగా ఉంచాలని ఒక దారి పట్టారు, ఇంకొందరు ఇంకో దారి పట్టారు. తక్రార్ చాలా జరిగింది, వెర్షన్ల మీద వెర్షన్లు వచ్చాయి. ఆ తక్రార్‌లోంచే ఆటమ్ అనే ఇంకో ప్రమాణం పుట్టి 2005 డిసెంబర్‌లో ఖరారైంది. ఎన్ని పేచీలున్నా ఉసూల్ ఒకటే. ఫెహరిస్తు రాసే తరీఖా అందరికీ తెలిసి ఉంటే చాలు, మధ్యలో మునసబు అక్కర్లేదు.

తెలుగువాళ్ళకి ఇది దూరపు కథేమీ కాదు. 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల సైట్లు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అంతా గజిబిజి. లోపల ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల కోడ్‌కి తొడిగిన తెలుగు వేషం. ఒక పత్రికలోని వాక్యం కాపీ చేసి ఇంకోచోట పెడితే చదవడానికి రాదు, వెతికితే దొరకదు. ఉర్దూ హాలత్ ఇంకా ఘోరం. నస్తాలీఖ్ రాతని వెబ్ మీద చూపించలేక చాలా సైట్లు పేజీలకు పేజీలు బొమ్మలుగా పెట్టేవి. చూడటానికి ఖూబ్‌సూరత్, వెతకడానికి బండరాయి. 1991లోనే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకి చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే ఆ చోటు మామూలు కంప్యూటర్లలో కనిపించడం మొదలైంది.

ఆ తర్వాతే తెలుగు బ్లాగులు జోరందుకున్నాయి. వీవెన్ నడిపిన కూడలి సైటు గుర్తుందా? దేశాల మీద చెల్లాచెదురుగా ఉన్న తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ అక్కడ ఒక్క పేజీలో కనిపించేవి. ఆ బ్లాగులేవీ కూడలివి కావు. ఎవరి ఇల్లు వాళ్ళదే, ఎవరి తాళం వాళ్ళదే. కూడలి చేసింది గుమ్మాల దగ్గరి ఫెహరిస్తులు చదవడమే. అక్షరానికి యూనికోడ్, రాకపోకలకు ఫీడ్. ఈ రెండు ఉమ్మడి ప్రమాణాలూ లేకపోతే ఆ మజ్లిస్ జమ అయ్యేదే కాదు. ప్రమాణం అనే మాట వింటే ఇంజనీర్ల గోలలా అనిపిస్తుంది. కానీ మన జబాన్ వెబ్ మీద బతికి ఉండడానికి కారణం అలాంటి రెండు మూడు గోలలే.

రెండో తరం మాలిక్‌లు

2004 జనవరిలో గూగుల్ ఆర్కుట్ తెచ్చింది. అదే ఏడాది ఫేస్‌బుక్, 2006లో ట్విట్టర్. జనం సొంత బ్లాగులు వదిలి అటు ఎందుకు వెళ్ళారని తిట్టుకోవడం తేలిక. వెళ్ళడానికి కారణాలు మాత్రం వాజిబే. బ్లాగులో ఒక మాట రాస్తే దాన్ని చూసేదెవరో తెలియదు. ఆర్కుట్‌లో ఒక స్క్రాప్ రాస్తే సాయంత్రానికి జవాబు వచ్చేది. చిన్ననాటి దోస్తు దొరికాడు. పెట్టుబడి లేదు, కోడ్ లేదు, స్పామ్ బాధ తక్కువ.

ఆ స్పామ్ బాధ బ్లాగుల నడుము విరిచింది కూడా. 2002లో మూవబుల్‌టైప్ వాళ్ళు ట్రాక్‌బ్యాక్ అనే మంచి తరీఖా తెచ్చారు. మీ రాత మీద నేను నా సైటులో జవాబు రాస్తే, మీ సైటుకి ఖబర్ వెళ్తుంది, నా జవాబు లింకు మీ పేజీ కింద కనిపిస్తుంది. కానీ వచ్చిన ఖబర్ నిజమా కాదా అని తస్దీఖ్ చేసే ఇంతజాం ట్రాక్‌బ్యాక్‌లో లేదు. మందుల దుకాణాలవాళ్ళు, జూదంవాళ్ళు దాన్ని కబ్జా చేశారు. బ్లాగర్లు విసిగి ఆ దర్వాజా మూసేశారు. దర్వాజాలు మూసుకున్న మొహల్లా కంటే పెద్ద మాల్ లోపల ఉండడమే బాగుందని జనం అనుకుంటే తప్పు పట్టలేం.

మాల్ లోపలికి చేరాక షరతులు మారాయి. ఒక్కొక్కటే చూడండి. గూగుల్ టాక్ 2005లో వచ్చినప్పుడు ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణం మీద నడిచేది, 2006 నుంచి బయటి సర్వర్లలో ఉన్నవాళ్ళతోనూ మాట్లాడనిచ్చింది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ దర్వాజా మూసే పని మొదలుపెట్టారు. అదే ఏడాది జులై 1న గూగుల్ రీడర్‌కి తాళం పడింది. అందరి ఫెహరిస్తులూ చదివిపెట్టే ఆ ప్రోగ్రాం పోవడంతో ఎంతోమంది ఫీడ్లు చదవడమే మానేశారు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న బంద్. మన దేశంలో, బ్రెజిల్‌లో అది ఒక జమానా. 2019లో మైస్పేస్ ఇంకో వార్త చెప్పింది. సర్వర్లు మారుస్తుండగా 2015కి ముందు జనం ఎక్కించిన పాటలూ ఫోటోలూ పోయాయని. కొత్త గాయకుల కోట్ల పాటలు, ఎవరి హుకుమూ లేకుండానే, లాపర్వాయీతో గల్లంతు.

అసలు ఇంట్లో, నకలు బజారులో

దీనికి జవాబు వెతికినవాళ్ళు రెండు బాటలు పట్టారు.

మొదటి బాట, మాలిక్ లేని కొత్త మొహల్లాలు కట్టడం. 2008లో ఇవాన్ ప్రొడ్రొము ఐడెంటికా అనే సైటు తెచ్చారు. ట్విట్టర్ లాంటిదే, కానీ దాని సాఫ్ట్‌వేర్ ఎవరైనా తీసుకుని తమ సర్వర్ మీద నడుపుకోవచ్చు, ఒక సర్వర్ వాళ్ళు ఇంకో సర్వర్ వాళ్ళని ఫాలో కావచ్చు. 2010లో న్యూయార్క్ యూనివర్సిటీ కుర్రాళ్ళు నలుగురు డయాస్పోరా కోసం పదివేల డాలర్ల చందా అడిగితే రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చి పడ్డాయి. ఫేస్‌బుక్ మీద జనం గుస్సా ఆ అంకెలోనే కనిపిస్తుంది. డయాస్పోరా ఆ ఉమ్మీద్‌ని మోయలేకపోయింది గానీ, బతికే ఉంది.

రెండో బాట సొంత మకాను. 2011 జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో కొందరు ప్రోగ్రామర్లు, డిజైనర్లు రెండు రోజులు కూర్చున్నారు. టాంటెక్ చెలిక్, ఆరన్ పరెకి, అంబర్ కేస్, క్రిస్టల్ బీస్లీ పిలిచిన ఆ కూటమి పేరు ఇండీవెబ్‌క్యాంప్. వాళ్ళ వాదన సీదాసాదా. ముందు మీ పేరుతో ఒక డొమైన్ తీసుకోండి. మీ పహచాన్ అదే. మీరు రాసేది ముందు అక్కడ రాయండి. తర్వాత దాని నకలు ఫేస్‌బుక్‌కో ట్విట్టర్‌కో పంపండి, వెనక్కి లింకుతో. దీనికి వాళ్ళు పాసీ అని పొడి అక్షరాల పేరు పెట్టుకున్నారు. మనకి అంత తిప్పలు అక్కర్లేదు. మన తహసీల్దారు ఆఫీసు జబాన్‌లో ఈ రెండు మాటలూ ఎప్పటినుంచో ఉన్నాయి. అసలు, నకలు. అసలు ఇంట్లో ఉంచుకో, నకలు బజారులో తిప్పు. బజారు కాలిపోయినా అసలు దస్తావేజు భద్రం.

ఇంకో ఉసూల్ కూడా పెట్టుకున్నారు. నువ్వు తయారుచేసిన పద్ధతిని ముందు నీ సొంత సైటులో నడిపి చూపించు, తర్వాతే లోకానికి తఖ్రీర్ ఇవ్వు. అంతకు ముందు ఎన్నో ప్రమాణాలు కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయాయి కాబట్టి ఈ పట్టుదల.

అలా గట్టిపడిన వాటిలో ముఖ్యమైనది వెబ్‌మెన్షన్. 2012లో సందీప్ శెట్టి దీన్ని ప్రతిపాదించారు. పని ఎలా జరుగుతుందో చూడండి. హైదరాబాద్‌లో ఒకామె తన సైటులో ఒక వ్యాసం రాశారు. డెట్రాయిట్‌లో ఒకాయన తన సైటులో దానికి జవాబు రాసి ఆమె వ్యాసానికి లింకు ఇచ్చారు. వెంటనే ఆయన సైటు ఆమె సైటుకి ఒక చిన్న చిట్టీ పంపుతుంది. చిట్టీలో రెండే రెండు చిరునామాలు. జవాబు ఎక్కడుందో అది ఒకటి, ఏ వ్యాసం మీదో అది ఒకటి. ఆమె సైటు ఆ చిట్టీని గుడ్డిగా నమ్మదు. తానే ఆయన పేజీకి వెళ్ళి, అక్కడ నిజంగా తన లింకు ఉందో లేదో చూస్తుంది. ఉంటేనే మంజూరు. ట్రాక్‌బ్యాక్‌లో లేని తస్దీఖ్ ఇక్కడ తప్పనిసరి. తర్వాత ఆయన పేజీలోని గుర్తుల్ని బట్టి పేరు, ఫోటో, రాత చదువుకుని ఆమె తన వ్యాసం కింద జవాబుగా చూపిస్తుంది. ఆ గుర్తులకు మైక్రోఫార్మాట్లు అని పేరు. 2005 నుంచి వాడకంలో ఉన్నాయి. అటు జవాబూ ఆయన ఇంట్లోనే ఉంది, ఇటు వ్యాసమూ ఆమె ఇంట్లోనే ఉంది. మధ్యలో ఎవరి కిరాయీ లేదు. దీనికి తోడు, మీ డొమైన్ పేరుతోనే ఇతర చోట్ల లాగిన్ అయ్యే ఇండీఆథ్, ఏ యాప్ నుంచైనా మీ సైటులో రాసుకునే మైక్రోపబ్. ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో నకలు కింద వచ్చిన లైకుల్ని, జవాబుల్ని తిరిగి ఇంటికి చేరవేసే కాసిద్ పని బ్రిడ్జీ అనే సర్వీసు చేసేది.

2014 జులైలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఈ రెండు బాటలవాళ్ళనీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది. వాళ్ళకి పడలేదు. ఒకరిది సాదా పేజీల తరీఖా, ఇంకొకరిది సర్వర్ల మధ్య డేటా పంపుకునే తరీఖా. రాజీ కుదరక ఒక్క ప్రమాణానికి బదులు కొన్ని వచ్చాయి. 2017 జనవరి 12న వెబ్‌మెన్షన్, అదే ఏడాది మే 23న మైక్రోపబ్, 2018 జనవరి 23న యాక్టివిటీపబ్. ఈ చివరిదే తర్వాత పేరు మోసింది. 2016లో జర్మనీలో యూగెన్ రొచ్కో మొదలుపెట్టిన మాస్టొడాన్ దాని మీదికి మారింది. 2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ ట్విట్టర్ కొన్నప్పుడు లక్షలమంది అటే పరుగు తీశారు.

సరాయ్ వేరు, మకాను వేరు

మాస్టొడాన్‌లో ఒక్క మాలిక్ లేడు, నిజమే. కానీ చాలామందికి అక్కడ దొరికింది సొంత ఇల్లు కాదు, సరాయ్‌లో గది. మీ చిరునామాలో మీ పేరు పక్కన సర్వర్ నడిపే ఆయన పేరుంటుంది. ఆయన అలసిపోయి సర్వర్ మూసేస్తే మీరు ఇంకో సరాయ్‌కి మారవచ్చు. మీ ఫాలోవర్లు మీతో వస్తారు, మీరు రాసినవి మాత్రం రావు. 2023లో కొన్ని పేరున్న సర్వర్లు అలాగే మూతపడ్డాయి.

సొంత మకాను వాళ్ళకి ఇంకో రకం దెబ్బలు తగిలాయి. 2018 ఆగస్టులో ఫేస్‌బుక్ బయటి ప్రోగ్రాంల నుంచి సొంత ప్రొఫైళ్ళకి పోస్టు చేసే దారి మూసేసింది. 2023లో ట్విట్టర్ అదే బాటలో ముఫత్ రాకపోకలు చాలావరకు ఆపేసింది. నకలు పంపే బండ్లు ఆగిపోయాయి. ఇక్కడే ఆ పాత వాదన పరీక్షకు నిలిచింది. బండ్లు ఆగాయి గానీ, అసలు రాతలు పోలేదు. పదేళ్ళ రాతలు, వాటి కింద అంతవరకు ఇంటికి చేరిన జవాబులతో సహా, ఎవరి సైట్లలో వాళ్ళకి అలాగే ఉన్నాయి.

అయితే సొంత మకాను అనే మాటని కూడా కాస్త గీరి చూడాలి. డొమైన్ పేరు మనం కొన్నామంటాం గానీ, నిజానికి అది ఏటా కట్టే కిరాయే. 2019 నవంబర్‌లో డాట్ ఆర్గ్ పేర్లన్నీ చూసుకునే సంస్థని ఒక ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల డాలర్లకు అమ్మే ప్రయత్నం జరిగింది. స్వచ్ఛంద సంస్థలు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశాక 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ సౌదాకి మంజూరు ఇవ్వనంది. 2024 ఫిబ్రవరిలో అఫ్ఘానిస్తాన్ పేరు చివర ఉన్న ఒక మాస్టొడాన్ సర్వర్ డొమైన్‌ని తాలిబాన్ సర్కారు ఆపేసింది. అది మైనారిటీ లైంగికతల వాళ్ళు కూడుకునే చోటు. పొద్దున లేచేసరికి చిరునామా లేదు. అంటే పేరు మీద కూడా మాలిక్‌లున్నారు, సర్కార్లున్నాయి. తేడా ఒక్కటే. పేరు పోయినా సామాను మీ చేతిలో ఉంటే ఇంకో పేరు కింద దించుకోవచ్చు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ తహ్రీక్ మొదలుపెట్టినవాళ్ళు కోడ్ రాయగలవాళ్ళు. నీ పనిముట్టు నువ్వే వాడు అన్న ఉసూల్ వాళ్ళ బలం, వాళ్ళ హద్దు కూడా. వాళ్ళ జరూరత్‌లే ముందు తీరాయి. కాగితాలు, సూచనలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఫోన్ తప్ప కంప్యూటర్ లేని మనిషికి, ఖాందాన్ అంతా వాట్సాప్‌లో ఉన్న మనిషికి, డొమైన్ తీసుకో అని చెప్పడం నస తప్ప నసీహత్ కాదు. మొజాయిక్ నాటి సందు ఇంకా పూడలేదు. చదవడం అందరికీ ఆసాన్, సొంతంగా రాసి నిలబెట్టుకోవడం కొందరికే. ఆ సందు ఉన్నంతకాలం కిరాయి ఇళ్ళు ఉంటాయి.

పూడ్చే ప్రయత్నాలు ఆగలేదు. 2017లో మాంటన్ రీస్ చందాలు పోగుచేసి మైక్రో.బ్లాగ్ తెచ్చారు. సొంత డొమైన్ మీద చిన్న చిన్న మాటలు రాసుకోవడానికి, కోడ్ రానివాళ్ళ కోసం. 2023లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ యాక్టివిటీపబ్‌ని చేర్చుకుంది. ఇప్పుడు అక్కడి ఒక మామూలు బ్లాగుని మాస్టొడాన్‌లో ఉన్నవాళ్ళు నేరుగా ఫాలో కావచ్చు. ఒకప్పుడు బల్ల ముందు పడని రెండు బాటలు అలా కలుస్తున్నాయి. ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ కూడా తన థ్రెడ్స్‌లో 2024 నుంచి అదే ప్రమాణానికి కాస్త దర్వాజా తెరిచింది. గూగుల్ టాక్ సంగతి యాదున్నవాళ్ళు మాత్రం ఆ దర్వాజా వైపు కొంచెం షక్‌తోనే చూస్తున్నారు. చూడాలి కూడా.

రాసినవాళ్ళు పోయాక

ఈ తారీఖులో ఎవరూ పూర్తిగా తేల్చని సవాలు ఒకటి మిగిలింది. సొంత మకానుకి సంవత్సరం సంవత్సరం కిరాయి కట్టే మనిషి కాలం చేస్తే? ఫేస్‌బుక్‌లో ఖాతా కనీసం యాదగారుగానైనా నిలుస్తుంది. సొంత డొమైన్ గడువు తీరగానే ఇంకెవరో కొనుక్కుంటారు, కవి పేరు మీద జూదం దుకాణం తెరుస్తారు. సొంత ఇంటి వాదనకి ఇది గట్టి జవాబు కోరే ప్రశ్న.

పుస్తకాలు అచ్చయినవాళ్ళకి లైబ్రరీలుంటాయి. పెద్ద పత్రికలకు పాత సంచికల గదులుంటాయి. వెబ్ మీదే రాసి, వెబ్ మీదే చదువరుల్ని సంపాదించుకున్నవాళ్ళకి ఏముంది? ఒక ఊరి బోలీ, ఒక బస్తీ కథలు, అమ్మీ నోటి సామెతలు, ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ లేని ఒక కులం లేదా ఖౌము జ్ఞాపకాలు. 2005 తర్వాత వాటిలో చాలా భాగం ముందుగా అచ్చుకి కాదు, తెరకి ఎక్కాయి. పెద్ద భాషల్లో ఒక సైటు మూతపడితే ఇంకో వంద సైట్లుంటాయి. మన జబాన్‌లో ఒక్క బ్లాగు పోతే ఆ విషయం మీద ఉన్న ఒకే ఒక్క రాత పోయినట్టు కావచ్చు.

ఫీడ్లు, వెబ్‌మెన్షన్లు, డొమైన్లు అన్నీ అందరూ నేర్చుకోవాలని కాదు. ఈ తారీఖు నుంచి మామూలు మనిషి తీసుకోగలిగింది కొంచెమే, ఆ కొంచెం మాత్రం పక్కా. మీరు రాసేచోట సామాను మొత్తం దించుకునే ఎక్స్‌పోర్ట్ బటన్ ఉందో లేదో చూడండి. ఉంటే ఏడాదికి ఒకసారి నొక్కండి. ముఖ్యమైన పేజీల చిరునామాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాఖలు చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. పాస్‌వర్డ్ ఎక్కడుందో, డొమైన్ ఉంటే దాని కిరాయి ఎప్పుడు కట్టాలో, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి. ఇల్లు, జమీను, బ్యాంకు ఖాతాల గురించి వసీయత్ రాసేవాళ్ళు రాతల గురించి ఒక్క లైను కూడా రాయరు. జియోసిటీస్ ఖాళీ అయిన రోజు దక్కకుండా పోయిన పేజీల వెనక ఉన్నది చాలావరకు ఆ ఒక్క లైను లేకపోవడమే.